కింది నుంచి నీళ్లు

పైనుంచి నీళ్లు పోసేవాళ్లను చూస్తే నాకు ఆ రోజుల్లో జాలి. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాను మరి! కుండీని నీళ్ల టబ్బులో కూర్చోబెడితే వేళ్లే కిందినుంచి కావలసినంత తాగుతాయని, పైనుంచి గుమ్మరించడం మోటు పద్ధతని కొత్తవాడలో మా గల్లీ అంతటికీ చెప్పాను. ఎవరూ అడగలేదు.

పక్కింటి అవ్వ మనవరాలి కాన్పుకని పది రోజులు ఊరెళ్తూ తన మరువం మొక్కను నాకప్పగించింది. ఆమె పెనిమిటి జంపఖానాల నూలుకు రంగులేసేవాడు. పోయేముందు, తన పాత రంగు బకెట్‌లో నాటిన మొక్క అది.

"ఆయన చేతిది ఇదొక్కటే మిగిలింది బిడ్డా. పైలం."

"నువ్వు ఫికర్ చెయ్యకవ్వా, నా పద్ధతే వేరు" అన్నాను.

బకెట్‌ను తీసుకెళ్లి టబ్బులో పెట్టాను. మూడో రోజుకు ఆకులు వాలాయి. "పైనుంచి జర ఇన్ని నీళ్లు పొయ్యరాదుండ్రి" అంది మా ఆవిడ.

"టబ్బుల నీళ్లు తగ్గుతలేవా? అదే తాగుతాంది" అని కసిరాను.

నీళ్లు నిజంగానే తగ్గుతున్నాయి. వాకిట్లో ఎండ మండిపోతోందని, గల్లీ కుక్క పొద్దున్నే వచ్చి దాహం తీర్చుకుంటోందని నా పాండిత్యానికి తట్టలేదు. రోజూ టబ్బు నింపుతూనే ఉన్నాను.

అవ్వ వచ్చేసరికి మరువం పుల్లలైంది. బకెట్ ఎత్తి అడుగు చూసి, నా మొహం చూసింది.

"రంగు బకెట్‌కు బొక్క ఉంటదా బిడ్డా? రంగంతా కారిపోదా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే. పది రోజుల్లో ఒక్కసారి ఆ బకెట్‌ను ఎత్తి చూడలేదు. ముసలామె తిట్టినా బాగుండేది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎండు కొమ్మలు తుంచేసి, గ్లాసెడు నీళ్లు చెయ్యి అడ్డం పెట్టి పైనుంచి మెల్లగా పోసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు వారాలకు మొక్క మొదట్లో మినపగింజంత చిగురు కనిపించింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మొన్న మునిమనవరాలి పుట్టువెంట్రుకలకని అవ్వ మళ్లీ ఊరు బయల్దేరింది. ఇంటి తాళంచెవి, బీరువా తాళంచెవితో సహా నా చేతిలో పెట్టింది.

"నీకన్న నమ్మకస్తుడు నాకెవలున్నరు బిడ్డా" అంది.

బకెట్‌ను మాత్రం చంకనెత్తుకుని ఆటో ఎక్కింది.