కాలెత్తకుండా నడవడం నేర్పిన బాబాయ్

మా పక్కింటి బాబాయ్ మొన్న మంగళవారం పోయారు. గుండెపోటుతో పోయారని కాలనీలో అందరూ చెప్పుకుంటున్నారు. నేను మాత్రం అలా చెప్పను. మా గల్లీలో నిలిచిన నీళ్ల వల్ల పోయారని చెబుతాను. ఎవరు అడిగినా అదే చెబుతాను, గట్టిగా చెబుతాను.

బాబాయ్ అంటే నాకు చుట్టం కాదు. సముద్రం పక్క ఊరి నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, పటేల్‌గూడలో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను కొండాపూర్ వైపు రైతు బిడ్డను. గడ్డపోతారంలో మందుల కంపెనీలో పని. పెళ్లయి ఆయన పక్కింట్లో దిగిన రోజే గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మాయ్, చేపలు తింటారా మీరు?" అని అడిగారు. తింటామన్నాను. ఆ పూటే పులుసు గిన్నె గోడ దాటింది.

శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందే, ప్రతి ఏడూ మా గల్లీలో నాలుగైదు కుటుంబాలను రైలెక్కించి వాళ్ల ఊరికి తీసుకుపోయేవారు. అక్కడ ఏరు సముద్రంలో కలిసే చోట, పాటు వేళ నీళ్లు వెనక్కి తగ్గి, కనుచూపు మేర మోకాలి లోతు ఉప్పునీళ్లు మిగులుతాయి. అడుగున ఇసుక తేటగా కనిపిస్తుంది. ఆ నీళ్లలో నడుచుకుంటూ పోయి గాలం వెయ్యాలి. ముందు బాబాయ్, వెనక మేం. ఆయన అరచెయ్యి పైకి లేపితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి.

"చేప కోసం చూడకమ్మాయ్, కనపడదు. దాని నీడ కోసం చూడు" అనేవారు.

మొదటి ఏడు నాకు చేపా కనపడలేదు, నీడా కనపడలేదు. నీళ్లలో దిగగానే చీర ఎగ్గట్టి, మా వరిమడిలో నడిచినట్టు కాళ్లు ఎత్తెత్తి వేశాను. బురదలో కాలు పీకి వెయ్యకపోతే నడవలేం మరి! బాబాయ్ వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టారు.

"కాలెత్తకు! ఈడ్చు! పొలం అనుకున్నావా ఇది?"

ఆ ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటుందట, ఒంటి మీద ఇసుక కప్పుకుని. దాని తోకకు ముల్లు. దాని మీద కాలేస్తే గుచ్చేస్తుంది. కాళ్లు ఈడ్చుకుంటూ పోతే మన రాక తెలిసి అదే తప్పుకుంటుంది. "దాని ఇంటికి మనం పోతున్నాం. తలుపు కొట్టి పోవాలా వద్దా?" అన్నారు. కాలెత్తినవాళ్లకు ఆయన పెట్టిన శిక్ష ఒకటే, ఆ రోజు పడ్డ చేపలన్నిటికీ పొలుసు తీయాలి. ఆ ఏడు మొత్తం నేనే తీశాను. పిన్ని జాలిపడి సాయం రాబోతే, "నువ్వాగవే, శిక్ష శిక్షే" అని భార్యను కసిరారు. అబ్బ, ఎంత ఒళ్లు మండిందో నాకు! మరుసటి ఏడు నా గాలానికే పండుగప్ప పడింది. నాకంటే ఆయనే ఎక్కువ అరిచారు. సంబరంలో ఎగరబోయి, గుర్తొచ్చి ఆగిపోయారు. సముద్రం అంటే ఏమిటో ఎరగని మాకు ఆ నీళ్లలో భయం పోగొట్టింది ఆయనే. ఆ రుణం ఎట్లా తీర్చుకోవాలో నాకు తెలియదు.

ఇక మా గల్లీ సంగతి. వెనకాల ఉన్న వాగును పూడ్చి ప్లాట్లు చేసి అమ్ముకున్నారు ఎవరో మహానుభావులు. అప్పటినుంచి వాన లేకపోయినా గల్లీ నిండా మురుగు నీళ్లే. ఒకరోజు పచ్చగా, ఒకరోజు బెల్లం పాకంలా. ఆ నీళ్ల కింద ఎక్కడో మూత పోయిన మ్యాన్‌హోల్. బాబాయ్ దాని పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టారు. నీళ్ల ట్యాంకర్ గుద్ది పడేసింది. మళ్లీ పాతారు, మళ్లీ పడేసింది. మున్సిపల్ ఆఫీసుకు పోయి అడిగితే, "జెర ఓపిక పట్టు పెద్దాయనా, సూస్తం" అన్నారు. ఏం చూశారు? చివరికి మమ్మల్నందరినీ గల్లీ మొదట్లో నిలబెట్టి, కాళ్లు ఈడ్చుకుంటూ గోడ పక్కనుంచి గుంత తప్పించుకుని ఎట్లా పోవాలో ఆయనే నేర్పారు.

"సముద్రంలో టేకు చేపకి ముల్లు ఉందంటే అది దాని బతుకు అమ్మాయ్. ఇక్కడ గుంత పెట్టింది మనుషులు" అన్నారు ఒకసారి. ఆయన గొంతులో అంత కోపం అంతకుముందు నేను వినలేదు.

మంగళవారం పొద్దున పిన్ని అరుపు విని పరుగెత్తాం. బాబాయ్ మంచం మీద చెమటలతో తడిసిపోయి ఉన్నారు. ఈ ఏటి ప్రయాణానికి కొత్త దారం కట్టిన గాలం కర్రలు గుమ్మం పక్కనే నిలబెట్టి ఉన్నాయి. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. వచ్చి, గల్లీ మొదట్లో ఆగిపోయింది.

"మ్యాన్‌హోల్ ఏడుందో తెల్వది మేడమ్. బండి దిగబడితే ఇగ పేషెంటు గూడ అండ్లనే ఉంటడు" అన్నాడు డ్రైవరు. అతణ్ని తిట్టలేను. నిజమే చెప్పాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఎత్తారు. ముందు మా ఆయన. నీళ్లలోకి దిగగానే కంగారులో పరుగందుకోబోయాడు. కుర్చీలోంచి బాబాయ్ అరచెయ్యి లేచింది. అందరూ ఆగారు.

"కాలెత్తకురా... ఈడ్చు. గోడ పక్కకి."

గుండె పట్టుకుని, మెల్లగా, వాళ్లను గుంత దాటించింది ఆయనే. అవతలికి చేరేసరికి తల వాలిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు "ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే..." అని ఆపేశాడు. మిగతాది నేను చెబుతాను. గల్లీ పొడిగా ఉండి ఉంటే బతికేవారు.

సాయంత్రం ఒక నాయకుడు పూలదండతో వచ్చాడు. తెల్లబట్టలు, తెల్ల చెప్పులు. నీళ్ల అంచున నిలబడి, దండ ఎవరి చేతికైనా ఇచ్చి పంపిద్దామని చూస్తున్నాడు. నాకు ఆగలేదు.

"ఏంది సార్, గాడనే ఆగినవ్? రా! మోకాలు లోతు గూడ లేవు. మా బాబాయ్ రోజూ నడిచిండు గీ నీళ్లల్ల!"

"జెర శాంతంగ ఉండుండ్రి మేడమ్. రేపు పొద్దుగాలనే పని షురూ చేపిస్తం."

"ఎవరి కోసం చేపిస్తవ్ ఇగ? గాయన పోయిండు గదా!"

ఎవరో నా చెయ్యి పట్టుకుని లాగారు. విదిలించుకున్నాను. అప్పుడే పాడె లేచింది. గల్లీలోంచి బయటపడడానికి వేరే దారి లేదు, నీళ్లలోకే దిగారు. మోసేవాళ్లంతా బాబాయ్ వెనక ఆ ఉప్పునీళ్లలో నడిచినవాళ్లే. గుంత దగ్గరికి రాగానే ముందున్న మా ఆయన అరచెయ్యి లేపాడు. అందరూ ఆగి, గోడ పక్కకు తిరిగారు.

నాయకుడు బట్టల మీద నీళ్లు పడతాయని కాళ్లు ఎత్తెత్తి వెనక్కి జరిగాడు. పాడె కింద మాత్రం ఒక్క కాలూ నీళ్లలోంచి పైకి లేవలేదు.