వంపు మీద తెల్లరాయి

ఇన్నేళ్లూ ఒక బరువు మోస్తున్నానని అనుకుంటూ వచ్చాను. నిజానికి మోసింది వేరే మనిషి. నేను దాచాను, అంతే.

ఇది రాసి పెట్టడానికి కారణం ఉంది. ఆ మనిషిని తప్పుగా అనుకున్నవాళ్లు చాలా చోట్ల ఉన్నారు. యార్డులో ఉన్నారు, ఇబ్రహీంపట్నంలో టీ హోటళ్ల దగ్గర ఉన్నారు, సాగర్ రోడ్డు పొడవునా వెంచర్లలో ఉన్నారు. వాళ్లందరి దగ్గరికీ నేను నడిచి వెళ్లలేను. రాసింది వెళ్తుంది. అందుకని మీకు చెబుతున్నాను. నా పేరు చెప్పను. చెప్పాల్సిన చోట చెప్పేశాను. ఆయన పేరు మాత్రం మీకు తెలియాలి. యాదగిరి. రాళ్లు పాతే మేస్త్రి.

మా ఊరికి రైలు లేదు. అందుకేనేమో నాకు రైలంటే అంత మోజు. డిగ్రీ చదవలేదు. ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో చదువుకున్నాను. అక్కడి సరోజ మేడం పాత అల్మారాలో అడుగున పడి ఉన్న పుస్తకమొకటి తీసి ఇచ్చారు. పట్టాలు ఎలా పరుస్తారు, యార్డు ఎలా కడతారు అని రాసిన ఇంగ్లిషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాకు అర్థమైన ప్రతి పేజీకీ నేను కొంచెం పొడుగైనట్టు అనిపించేది. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా లేదు.

నగరానికి అటు చివర లోకల్ రైళ్ల యార్డు పెంచుతున్నారు. రాత్రిళ్లు రైళ్లు నిలిపి ఉంచే పక్క లైన్లు చాలడం లేదు. చోటు లేక కొన్ని రైళ్లు ఖాళీగా దూరపు షెడ్డుకు వెళ్లి, తెల్లారి మళ్లీ ఖాళీగా వచ్చేవి. కాంట్రాక్టరు మా ఊరి నుంచి కొంతమందిని పనికి తీసుకున్నాడు. యాదగిరి అన్నా నేనూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆయన రాళ్లు పాతేవాడు. నేను టేపు పట్టేదాన్ని.

ఒక లైను రెండుగా చీలే చోట ఏమవుతుందో మీకు చెప్పాలి. చీలిక దగ్గర రెండు లైన్లూ మరీ పక్కపక్కన ఉంటాయి. రెండింటి మీదా రైళ్లు ఉంటే రాసుకుంటాయి. కొంత దూరం పోయాక మధ్యలో చాలినంత చోటు వస్తుంది. సరిగ్గా అక్కడ, రెండు లైన్ల నడుమ, ఒక తెల్లరాయి పెడతారు. నిలిచి ఉండే రైలు తోక ఆ రాయి దాటకూడదు. యార్డంతా ఆ రాయిని నమ్ముకుని నడుస్తుంది.

ఒక లైనుకు ఆ రాయి పెట్టాల్సిన రోజున ఇంజనీరు ప్రసాద్ సార్ సెలవులో ఉన్నారు. కాంట్రాక్టరు మనిషి తొందరపెడుతున్నాడు. రాయి ఎక్కడ పెట్టాలో చూపేవాళ్లు లేరు. నేను చూపిస్తానన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను. పుస్తకంలో ఇంత దూరం ఉండాలని చదివాను కదా. టేపు పట్టి, ఆ దూరం వచ్చిన చోట పట్టాల కింది స్లీపరు దిమ్మె మీద సున్నం చుక్క పెట్టాను.

యాదగిరి అన్న పార ఆపి, "గీడనేనా చెల్లె?" అని అడిగాడు.

"గీడనే. పుస్తకంలున్నది."

"నువ్వు సదివినదానివి. యాడ పెట్టుమంటె ఆడ పెడ్త" అన్నాడు.

అది వంపు మీదున్న లైను. నేను చదివిన దూరం తిన్నని లైన్లకు. వంపులో రైలుపెట్టె మధ్యభాగం లోపలికీ, చివరలు బయటికీ జరుగుతాయి. అందుకని ఎక్కువ చోటు కావాలి. ఆ మాట అదే పుస్తకంలో ఉంది, ఇంకో అధ్యాయంలో. నేను అంతదాకా వెళ్లలేదు. నాకు కావాల్సింది దొరికిందనుకుని పుస్తకం మూసేశాను.

మొదటిసారి రెండు ఖాళీ రైళ్లను తెచ్చి చూశారు. ఒకటి రాయి దగ్గర తోక ఉంచి నిలబడింది. రెండోది పక్క లైనులో మెల్లగా వచ్చింది. రేకు మీద రేకు గీసుకునే చప్పుడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పెట్టె మెట్లు వంగిపోయాయి, పక్కన పొడుగ్గా గీత పడింది. అంతే. కానీ ఆ చప్పుడు నా పళ్లలో ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నం అందరినీ షెడ్డులో నిలబెట్టారు. ఆ రాయి ఎవడు పెట్టిండని సూపర్‌వైజరు అడిగాడు. యాదగిరి అన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. దారి ఇస్తున్నట్టు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"రాయి నేనే పెట్టిన" అన్నాడు ఆయన.

అది అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం నా దగ్గరుంది. చోటు చూపింది నేనని ఒక్క మాట. ఎందుకు రాలేదు? పని పోతుందనా? అది చిన్న కారణం. అసలు కారణం ఇప్పుడు చెబుతున్నాను. నేను చదివింది తప్పని అందరి ముందూ తేలడం నాకు ఇష్టం లేదు. ఆ షెడ్డులో నాకున్న ఆస్తి ఆ చదువొక్కటే. దాన్ని కాపాడుకోవడానికి ఒక మనిషిని ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. వంపు లైను వాడకం ఆపేశారు. బస్సులో నా పక్కన ఆయన సీటు ఖాళీగా ఉండేది. ఆ వారమే గ్రంథాలయానికి వెళ్లి మిగతా అధ్యాయం చదివాను. అంతా అక్కడే ఉంది. ఆ తర్వాత నేను చేసింది మొదటి తప్పు కంటే పెద్దదేమో. వంపు లెక్కను కొత్తగా వచ్చినవాళ్లందరికీ నేనే నేర్పడం మొదలుపెట్టాను. పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు నేర్పాను. మెచ్చుకున్నారు. కొలతల ఇన్‌ఛార్జిని చేశారు. నేను నేర్పిన ఆ పాఠం ఖరీదు యాదగిరి అన్న పేరు. అది తెలిసి కూడా రోజూ నేర్పానంటే నన్ను నేను ఏమనుకోవాలి?

ఊళ్లో ఆయనకు గీకుడు మేస్త్రి అని పేరు పడింది. వెంచర్లలో ప్లాట్ల హద్దురాళ్లు పాతే పనికి కుదిరాడు. అక్కడా వదల్లేదు. రాయి జర సూసి పాతు అన్నా, రైలొచ్చి గీకి పోతదని నవ్వేవారట. చుట్టుపక్కల ఎక్కడా రైలు కూతైనా వినబడని చోట.

ఇప్పుడు యార్డు ఇంకా పెంచారు. కొత్త లైన్లు వేశారు, వంపు లైనును మళ్లీ తెరుస్తున్నారు. రాళ్లు పెట్టడానికి మంచి చెయ్యి కావాలంటే, మాతో పనిచేసే బాలమణక్క యాదగిరి పేరు చెప్పింది. గీకుడు మేస్త్రియా అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు నా నోట్లోంచి రావడం నేను విన్నాను. షెడ్డులో మాట్లాడకపోవడాన్ని భయం అనుకోవచ్చు. ఈ నవ్వును ఏమనాలి?

సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా వెంచరుకు వెళ్లాను. ఆయన వంగి రాయి చుట్టూ మట్టి కూరుస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను. పుస్తకం, వంపు, నేను చదవని అధ్యాయం, చెప్పులు, నవ్వు. ఆయన మట్టి కూరడం ఆపలేదు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది అన్నా."

"నాకు దెల్సిన ముచ్చట నాకు జెప్పనీకి ఇంత దూరం వచ్చినవా? చోటు సూపింది నువ్వని నాకు దెల్వదా? తెల్వనోళ్లకు జెప్పు."

"జెప్త."

"జెప్పినంక రా. అప్పటిదాంక రాకు." గడ్డపార తీసుకుని పక్క ప్లాటుకు వెళ్లిపోయాడు.

ఇంతకాలం నేను ఊహించుకున్న దృశ్యంలో ఆయన నన్ను తిట్టేవాడు, లేదా క్షమించేవాడు. రెండింటిలోనూ కథ నాదే. ఆయన దాన్ని ఒక్క మాటతో నా చేతిలోంచి తీసేసుకున్నాడు. తెలిసినవాడికి చెప్పడం ఒప్పుకోవడం కాదని ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మర్నాడు పొద్దున, అందరూ పనిలోకి దిగకముందు, అదే షెడ్డులో చెప్పాను. ఈసారి చెప్పుల వైపు చూడలేదు. ఆ రాయి చోటు నేను చూపించాను, యాదగిరి అన్న నా మాట నమ్మి పెట్టాడు, ఆయనకు పడిన పేరు నాది. చివరి మాట అన్నాక నాలో ఏదో లేచి నిలబడింది. అది సిగ్గు కాదని ప్రమాణం చేసి చెప్పగలను. గెలుపు.

"ఇప్పుడెందుకు చెబుతున్నారండీ?" అన్నారు ప్రసాద్ సార్. అప్పుడు చెప్పలేదు కాబట్టి అన్నాను. రాసి సంతకం పెట్టి ఇమ్మన్నారు, ఇచ్చాను. కొలతల ఇన్‌ఛార్జి పని నా నుంచి తీసేశారు. న్యాయమే. అదే రోజు యాదగిరి అన్నకు కబురు పంపారు.

ఆయన వచ్చాడు. వంపు లైను దగ్గర కొత్త రాయి పట్టుకుని నిలబడ్డాడు. చోటు ప్రసాద్ సార్ కొలిచారు. నేను టేపుకు అవతలి కొస పట్టుకున్నాను.

"ఏమే చెల్లె, ఈసారి వంపు పేజీ గూడ సదివినవా?" అన్నాడు అందరికీ వినబడేలా.

"చదివిన అన్నా."

"పుస్తకమంత?"

"అట్ట మీదున్నది గూడ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ నవ్వు నాకు పరాయిగా వినబడలేదు. రాయి దిగింది. దాని పక్కన ఒక రైలు నిలిచింది, ఇంకోటి వంపు తిరుగుతూ వచ్చింది. రెండు పెట్టెల మధ్య నుంచి అవతలి ఆకాశం సన్నగా, తెంపు లేకుండా, చివరిదాకా కనబడింది. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని మించిన చప్పట్లు నేను ఎక్కడా వినలేదు.

ఇప్పుడు సాయంత్రానికి లైన్లన్నీ నిండుతాయి. రైళ్లు భుజం భుజం ఆనకుండా నిలబడతాయి. తెల్లవారి మొదటి లోకల్ మా యార్డు నుంచే, మా వంపు లైను నుంచే బయలుదేరుతుంది. పొద్దున డ్యూటీలకు పోయేవాళ్లు ఎక్కుతారు. వాళ్లెవరికీ ఆ రాయి కనబడదు.

యాదగిరి అన్న నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు. బస్సులో మాత్రం ఒకటి రెండు మాటలు మాట్లాడుతున్నాడు.

అల్మారా అడుగు నుంచి ఆ పుస్తకం తీసిచ్చి, తప్పు తెలిసిన రోజున కూడా దాన్ని నా చేతిలో పెట్టిన సరోజ మేడంకు కృతజ్ఞతలు. అందరూ మరిచిన పేరును షెడ్డులో గట్టిగా పలికిన బాలమణక్కకు కృతజ్ఞతలు. నా మాట మధ్యలో ఆపకుండా విని, తీయాల్సింది తీసేసిన ప్రసాద్ సార్‌కు కృతజ్ఞతలు. తెలియనివాళ్లకు చెప్పమని నన్ను వెనక్కి పంపిన యాదగిరి అన్నకు కృతజ్ఞతలు.

ఆ వంపు మీద మొదటి రాయి పెట్టింది ఆయన. చోటు చూపింది నేను.