అడ్డొచ్చిన కాలు

ఒమాన్ తీరంలోని రైసూత్‌లో, ఖరీఫ్ అని పిలిచే వానాకాలంలో, తుంపర వానలా కురవదు. గాలిలోనే తడిగా వేలాడుతుంది. ఆ సాయంత్రం మా ఫ్యాక్టరీ వెనుక ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఆ తడి సిమెంటు ధూళితో కలిసి పలుచటి బూడిదరంగు పొరగా పేరుకుంది. వాయిదా వేద్దామన్నాను. రెండు జట్లూ ఒప్పుకోలేదు.

నేను అక్కడి ల్యాబ్‌లో కెమిస్టును. చదువుకునే రోజుల్లో ఆడాను, రిఫరీ పరీక్ష కూడా రాశాను. అందుకని సెక్షన్ల మధ్య పోటీలు వస్తే విజిల్ నా మెడలో పడేది. ఈసారి పోటీలకు ముందు మేనేజర్ అందరినీ నిలబెట్టి, కావాలని ఎవరైనా ఎవరినైనా గాయపరిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తానని చెప్పాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

రెండో సగంలో, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కడప మనిషి బంతి కోసం ఎగిరి, జారి, వెల్లకిలా పడ్డాడు. బంతిని అందుకుని ఉరికిన స్టోర్స్ సూపర్‌వైజర్ అతని కాలికి తట్టుకుని బోర్లా పడ్డాడు. గడ్డం చిట్లి రక్తం కారింది. సరుకు పాలెట్లు దించే దగ్గర వీళ్ళిద్దరూ అరుచుకున్న సంగతి ఫ్యాక్టరీలో తెలియనివారు లేరు.

విజిల్ వేశాను గానీ, ఏమని వేశానో నాకే తెలియదు. మేము పాటించే నియమం ప్రకారం, పడ్డవాడు కదలకుండా ఉంటే ఆ చోటు అతనిదే. ఎవరైనా తట్టుకుంటే ఫౌల్ కాదు. కాలు చాచితే ఫౌల్. కావాలని చాచితే ఆట నుంచి వెలి. మేనేజర్ మాట ప్రకారం ఒమాన్ నుంచి కూడా. ఆ క్షణంలో నాకూ ఆ కాలికీ మధ్య ఒక ఆటగాడి వీపు అడ్డుగా ఉంది. నేను చూడలేదు.

"ఆ దినం సూపర్‌వైజర్ తిట్టిండని ఇయ్యాల పడగొట్టిండు!" అని గట్టు మీద నుంచి ఒకడు అరిచాడు.

"కండ్లు నెత్తికెక్కించుకుని ఉరికితే నేల యాడ కనపడుతుంది?" అని ఇంకొకడు.

జనం కోర్టులోకి దిగారు.

"కదలకు," అన్నాను పడ్డవాడితో.

"కదల్లే మేడమ్. అల్లా మీద ఒట్టు, అప్పుడూ కదల్లే."

రెండో రిఫరీ మా ఎలక్ట్రీషియన్, గోదావరి జిల్లా మనిషి. బుట్ట కింద, అన్నీ కనిపించే చోట నిలబడ్డాడు. ఏం చూశావని అడిగాను.

"కాలు అడ్డొచ్చిందండి."

అప్పటికే మేనేజర్ మా పక్కన ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. హైదరాబాద్ గుమాస్తా ఒకతను ఆత్రంగా అందుకుని హిందీలో చెప్పాడు: "పాఁవ్ బీచ్ మే లాయా బోల్‌రా సార్."

కాలు అడ్డొచ్చింది అన్నది కాస్తా కాలు అడ్డం తెచ్చాడు అయిపోయింది. కింద పడి ఉన్న మనిషికి ఆ హిందీ మాట అర్థమైంది. అతని కళ్ళు నా మీదే నిలిచాయి. నాకూ భయమేసింది. భయపడినప్పుడు మనిషి ముందుగా దొరికిన మాటను పట్టుకుంటాడు. అందుకే గుమాస్తా మాటను వెంటనే నమ్మదలచుకోలేదు.

"గోడ అడ్డొచ్చింది అంటే గోడ నడిచి వచ్చిందనా?" అని ఎలక్ట్రీషియన్‌ను అడిగాను.

"అబ్బే! గోడ ఎక్కడికొస్తదండి? ఈ కాలూ అంతే. ఉన్నచోటే ఉంది. ఆయనే చూసుకోలేదండి."

జవాబు నా ప్రశ్నలోనే ఉంది కాబట్టి ఆ సాక్ష్యానికి సగం విలువే ఇచ్చాను. కిందికి వంగి నేల చూశాను. జారిన గుర్తు తడి పొరలో స్పష్టంగా ఉంది. మడమ గీసిన గీత దానితోపాటు తిన్నగా సాగి ఆగింది. కాలు పక్కకు విసిరి ఉంటే ఆ గీత వంపు తిరగాలి. తిరగలేదు. అయితే దాని చివరను ఎవరో అప్పటికే బూటుకాలితో తొక్కేశారు.

"కాలు తెచ్చాడు అనలేదు సార్, కాలు అక్కడ ఉంది అన్నాడు. ఫౌల్ లేదు," అని మేనేజర్‌కు హిందీలో చెప్పాను.

"పక్కా?"

"గుర్తు మిగిలినంత వరకూ పక్కా. చెరిగిపోయినదాని గురించి చెప్పలేను. తప్పు చేశాడనడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. వెనుక గొణుగుడు పెరిగింది. ఆయన ఇంకోసారి "పక్కా?" అని అడిగితే ఏమని ఉండేదాన్నో ఈనాటికీ నాకు తెలియదు. ఆయన అడగలేదు, గడ్డానికి తువ్వాలు అదుముకున్న సూపర్‌వైజర్ వైపు తిరిగాడు. సూపర్‌వైజర్ ఔననకుండా, కాదనకుండా తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఖేలో," అని మేనేజర్ గట్టు మీదికి వెళ్ళిపోయాడు.

జనం విడిపోయారు. ఫోర్క్‌లిఫ్ట్ మనిషి మాత్రం చాచిన కాలు చాచినట్టే ఉంచి, తుంపరకు కళ్ళు చికిలిస్తూ అలాగే పడి ఉన్నాడు.

"ఇప్పుడు లేయొచ్చునా మేడమ్?"

లేవమన్నాను. ముందు ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా దగ్గరికి లాక్కున్నాడు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాను. మొదటిసారి గాలే తప్ప చప్పుడు రాలేదు.