బావగారి బూట్లు

పిల్లల మాసపత్రికలో అచ్చుతప్పులు దిద్దే ఆవిడను ఆఫీసులో అందరూ పెద్దక్క అనేవారు. అదే పత్రికలో చాలా ఏళ్లుగా ఆవిడ గేయాలు కూడా పడేవి. వాటిలో ప్రాస తప్పేది కాదు, నీతి తప్పేది కాదు. చదివి నవ్విన పిల్లలు మాత్రం లేరు.

చెప్పుల కొట్లో పనిచేసే ఆవిడ చెల్లెలు ఒకరోజు అక్క ఇంట్లో భోంచేస్తూ, సరదాకి ఓ గేయం కట్టింది.

"బావగారు బూటు విప్పితే
భుస్సు భుస్సుమని కంపు!
పులిసిన మజ్జిగనుకుని పిల్లి
మూతి పెట్టి మూర్ఛపోయె!"

పెద్దక్క కూతురు పగలబడి నవ్వింది. బావగారు సైతం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"పిన్నీ, ఇంకోసారి!"

తల్లి గేయాలకు ఆ పిల్ల ఎన్నడూ అలా అడిగి ఎరగదు. పెద్దక్క కంచం తీసుకుని లేచిపోయింది.

చెల్లెలు పంపిన ఆ గేయాన్ని సంపాదకుడు వెంటనే తీసుకున్నాడు. దిద్దడానికి అది పెద్దక్క బల్ల మీదికే వచ్చింది. ఆవిడ "కంపు" కొట్టేసి "దుర్వాసన" అని రాసింది. భుస్సు తీసేసింది. పిల్లిని ఏకంగా గెంటేసింది.

పత్రిక రాగానే చెల్లెలు ఊడిపడింది.

"నా పిల్లి ఏదక్కా?"

"చోటు చాల్లేదే."

"పక్కనే నీ గేయం పేజీ అంతా పరుచుకుని ఉందిగా! కుళ్లుకున్నానని చెప్పొచ్చుగా."

"అవునే, కుళ్లే! నేను బుర్ర బద్దలుకొట్టుకుని రాస్తే ఒక్కరూ నవ్వరు. నువ్వు కూర కలుపుకుంటూ చెప్పేస్తావు!"

చెల్లెలు పత్రిక అక్కడే పడేసి వెళ్లిపోయింది. పెద్దక్క సిగ్గుపడి, మరుసటి సంచికలో పిల్లిని తిరిగి వేయించింది. కడుపులో మంట మాత్రం చల్లారలేదు. చెల్లెల్ని మించాలని, కనబడ్డవన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని, వినబడ్డవన్నీ చెవులు రిక్కించి విని, సెలవురోజు మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తుంటే పక్కనే కూర్చుని రాసింది.

"నాన్న గురక మొదలెడితే
ఇనుప కుర్చీ ఈడ్చిన మోత!
గోడ మీద బల్లి జారి
తాత బట్టతలపై చల్లగా తపుక్కు!"

కూతురు తల తడుముకుని కెవ్వుమంది, ఆపైన పడీపడీ నవ్వింది. సాయంత్రం వచ్చిన చెల్లెలూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"చల్లగా తపుక్కు... ఆ మాట నాకు తట్టలేదేం అక్కా?"

చిన్నబోయిన ఆ ముఖం వెనక ఏముందో పెద్దక్కకు బాగా తెలుసు. ఓదార్చాలనిపించింది గానీ, ఆ పూటకి ఓదార్చలేదు.