మాకంటే ముందు వెళ్ళినవాడు

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది రాస్తున్నంత మాత్రాన ఇప్పుడు నమ్మడం మొదలుపెట్టాననీ కాదు. మా ఇంట్లో అలాంటి కబుర్లు పెద్దల ముందు ఎత్తితే లేచి అవతలికి వెళ్ళమనేవారు. కానీ మా కేష్కాల్ ప్రయాణం గురించి రాయపూర్‌లో మా చుట్టాలు తలో రకంగా చెప్పుకుంటున్నారు. ఒకరు అద్దంలో ముఖం కనబడిందంటారు, ఇంకొకరు బ్రేకులు వాటంతటవే పడ్డాయంటారు. అవేవీ జరగలేదు. జరిగినది మాత్రం రాస్తున్నాను.

మా తాతగారు విజయనగరం వైపునుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డారు. రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు సరఫరా చేసేవారు. బస్తర్ అడవుల్లో ఆయన మాటకు తిరుగుండేది కాదు. శంకర్ నగర్‌లో పెద్ద ఇల్లు, కేష్కాల్ ఘాట్ పైన వేసవికి ఒక బంగళా ఉండేవి. తరవాత పట్టాల కింద సిమెంటు దిమ్మలు వచ్చాయి. మా నాన్నగారి కాలానికి అన్నీ పోయాయి. నేను దేవేంద్ర నగర్‌లో మేడమీద రెండు గదుల్లో ఉంటున్నాను. అది ఎవరి దగ్గరా దాచను, ఎవరి జాలీ నాకు అక్కర్లేదు.

కొండమీది బంగళా చేతులు మారి చివరికి టూరిస్టుల బస అయింది. ఆ గేటు దాటనని చాలా ఏళ్ళ కిందటే నిర్ణయించుకున్నాను. మా ఇంటికి మేం అతిథుల్లా వెళ్ళి, ఎవరో గది చూపిస్తే తలూపి తాళంచెవి అందుకోవడం నా వల్ల కాదు.

మా నాన్నగారి చెల్లెలు సుభద్రత్తయ్య నా దగ్గరే ఉంటుంది. డెబ్బై దాటింది. కళ్ళల్లో నీటికాసులు. మిగిలిన చూపు కూడా ఆ ఏడాది నిలవదని డాక్టరు చెప్పాడు. మే నెలలో ఒకరోజు, రాయపూర్ పెనంలా కాలుతున్నప్పుడు, కాఫీ తాగుతూ నన్ను పిలిచింది.

"కొండమీది ఇంట్లో ఒక్క రాత్రి పడుకోవాలనుందిరా రఘూ. కళ్ళుండగానే."

"ఇంట్లో అంటే కుదరదత్తయ్యా. గేటు బయటినుంచి చూపిస్తాను."

"బయటినుంచి చూసి రావడానికి అదేమైనా జూనా ఏటి?"

ఆవిడ మళ్ళీ అడగలేదు.

దారి చూపించినవాడు మా చెల్లెలి కొడుకు కిరణ్. స్టీలు కంపెనీలో ఉద్యోగం, సెలవుల్లో కొండలు తిరగడం వాడి సరదా. ఒక పాత ట్రావెలర్ వ్యాను కొని, గుఢియారీలో వెల్డింగు షెడ్డులో పెట్టి, రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ టాంకు అమర్చి క్యాంపర్‌గా మార్చుకున్నాడు.

"టెన్షన్ క్యా హై మామయ్యా? గేటు బయటే పార్క్ చేద్దాం. అమ్మమ్మ కొండమీదే పడుకున్నట్టవుతుంది, మీరు ఎవరికీ సలాం కొట్టక్కర్లేదు."

మాట తీరు నచ్చకపోయినా ఏర్పాటు నచ్చింది. వాడు అత్తయ్యను కూర్చోబెట్టుకుని వ్యాను నడిపాడు. నేను నా బుల్లెట్ మీద వెళ్ళాను. ఒకరు నడిపే బండిలో వెనక కూర్చోవడం నాకు అలవాటు లేదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. దారి పొడవునా నేను వ్యాను వెనకే ఉన్నాను. ఆవిడ ఉన్న బండి నా కళ్ళముందు ఉండాలని పట్టుబట్టినది నేనే. మాకు ముందు మావాళ్ళెవరూ లేరు. వస్తున్నామని మేం ఎవరికీ చెప్పలేదు, ఫోను చెయ్యలేదు.

తెల్లవారకముందే బయలుదేరాం. ధమ్‌తరీ దాటాక అత్తయ్య మొహం కడుక్కుంటానంటే కిరణ్ కనబడిన ఢాబా దగ్గర ఆపాడు. అక్కడ ఆగుతామని ఆ నిమిషం దాకా మాకే తెలియదు. వేపచెట్టు కింద నీళ్ళు చల్లి మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. కూర్చోగానే రెండు టీలు, ఒక గ్లాసు పాలు వచ్చాయి. పాలు వేడిగా లేవు, చల్లార్చి తెచ్చారు.

"పాలెవరు చెప్పారు భయ్యా?" అన్నాడు కిరణ్ హిందీలో.

"మీ మనిషే చెప్పి వెళ్ళాడుగా, మోటార్ సైకిల్ మీద. రాయపూర్ నుంచి మా వాళ్ళొస్తున్నారు, పాపకి పాలు చల్లార్చి ఉంచమన్నాడు."

ఇంకెవరి కోసమో చెప్పినది మాకు తెచ్చాడనుకున్నాం. వెనక్కి పంపబోతే అత్తయ్య చెయ్యి చాపింది. "నేనే పాపని, ఇలా తే. డెబ్బై ఏళ్ళ పాపంటే నీకేటి నవ్వు?" అని కిరణ్‌ని కసిరి, గ్లాసు ఖాళీ చేసింది.

కాంకేర్ దాటాక నేల ఎగుడుదిగుడై, కొండలు ఒకదాని వెనక ఒకటి లేచి వచ్చాయి. రోడ్డు పక్క తునికాకు కట్టలు ఎండబెట్టి ఉన్నాయి. సాలచెట్ల అడవి మొదలయ్యాక గాలి మారింది. ఆ దారిలో బండి నడుపుతుంటే నా వయసు నాకు గుర్తు రాలేదు.

ఘాట్ మొదట్లో లారీలు ఇరుక్కుని ఉన్నాయి. కేష్కాల్‌లో అది మామూలే, గంటలకొద్దీ కదలవు. మేమూ ఇంజను ఆపేశాం. కాసేపటికి ముందున్న లారీ డ్రైవరు దిగి, తన బండిని కొండ అంచుకు జరిపించి, మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపాడు. ఆ పైనవాడూ అంతే. వంపు తరవాత వంపు, ఎవరో చెప్పి ఉంచినట్టు దారి ఇచ్చారు. పైన ఒక డ్రైవరు వ్యాను కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.

"బచ్చీ కహాఁ హై?"

ఏ పాప అని కిరణ్ అడిగాడు. ఒక మోటార్ సైకిల్ మనిషి లారీల పక్కనుంచే ఎక్కుతూ, వెనక బండిలో చిన్నపిల్ల ఉంది, ఈ వంపుల్లో దానికి వాంతులవుతాయి, ఆపకుండా పోనివ్వండని ఒక్కొక్కరికీ చెప్పి వెళ్ళాడట.

ఘాట్ పైన కిరణ్ బండి ఆపి నా దగ్గరికి వచ్చాడు. "సచ్ చెప్పండి మామయ్యా. మీ పనేనా?"

"నీ వెనక చక్రం దుమ్ము తింటూ వస్తున్నానురా. చూసుకో నా చొక్కా."

అప్పటికీ నాకు అనుమానమేమీ లేదు. పిల్లతో వచ్చే మరో బృందం మా వెనకో ముందో ఉంది, వాళ్ళ మనిషి ముందు వెళుతున్నాడు, వాళ్ళ మర్యాదలు మాకు అందుతున్నాయి. అదే వాడికి చెప్పాను. అత్తయ్య మాత్రం వ్యాను కిటికీలోంచి ముందు రోడ్డు వైపే చూస్తోంది.

హైవే వదిలి బంగళా వైపు తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. అది ఒకే ఇంటికి వెళ్ళే దారి. గేటు బార్లా తెరిచి ఉంది. కిరణ్ గేటు బయటే ఆపాడు, నేను పక్కన ఆగాను. లోపలినుంచి తువ్వాలు భుజాన వేసుకున్న ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పేరు సోమారు, అక్కడి వంటమనిషి. ఆ వారం అతిథులెవరూ లేరని, తనొక్కడే ఉన్నానని తరవాత చెప్పాడు.

"రండి సాబ్, తూర్పు గది సిద్ధం. నీళ్ళు కాగాయి." వ్యానులోకి చూశాడు. "పాప ఏది? మంచం కిటికీ దగ్గరికి లాగి, పక్కన రెండు కుర్చీలు ఆనించమన్నాడు మీ మనిషి. పాప నిద్రలో దొర్లి పడిపోతుందట."

నేనింకా బండి ఇంజను ఆపలేదు. ఆ చప్పుడులోనే అత్తయ్య గొంతు వినిపించింది.

"అప్పన్న," అంది.

ఆ పేరు నేను మొదటిసారి విన్నాను. తాతగారి దగ్గర అప్పన్న అని ఒకతను ఉండేవాడట. వేసవికి అందరూ కొండకు బయలుదేరే రోజు అతను మోటార్ సైకిల్ మీద ముందు వెళ్ళి, ఆగే చోటల్లా ఎవరికేం కావాలో చెప్పి, బంగళా తెరిపించి, నీళ్ళు కాయించేవాడు. అత్తయ్యకు అప్పుడు ఐదారేళ్ళు. మంచం మీదనుంచి దొర్లి పడేది. కుర్చీలు ఆనించడం అతని ఏర్పాటు. నేను పుట్టకముందే రాయపూర్‌లో టైఫాయిడ్‌తో పోయాడు.

"చూడ్డానికి ఎలగున్నాడు?" అని ఆవిడ అంటే, కిరణ్ అదే సోమారుని హిందీలో అడిగాడు. ఖాకీ కోటు, తలకు తువ్వాలు, మొహమంతా దుమ్ము అన్నాడు సోమారు. బండి దిగలేదట. టీ తాగి వెళ్ళమంటే, అయ్యగారివాళ్ళు తిన్నాక తాగుతానన్నాడట. కొండ కిందికి కాక, పైకి పోయాడు. అటు రోడ్డు లేదు, అడవే.

ఇక అందరూ నా వైపు చూశారు. అత్తయ్య తప్ప. ఆవిడ కళ్ళు చికిలించి ఆ తూర్పు కిటికీ ఎక్కడుందో వెతుక్కుంటోంది. లోపలికి వెళదామని అడగలేదు. అడిగి ఉంటే కాదనేవాణ్ణి, అది నాకు తెలుసు.

నేను ఆలోచించినది దయ్యాల గురించి కాదు. వచ్చినవాడు ఎవడైనా సరే, మా వాళ్ళొస్తున్నారని చెప్పాడు. మా పేరు మీద నీళ్ళు కాగాయి, మంచం జరిగింది, లారీలు పక్కకు తొలిగాయి. ఇంత జరిగాక గేటు బయట పొయ్యి వెలిగించుకుని కూర్చుంటే, మా తరఫున మాటిచ్చినవాడు అబద్ధాలకోరు అవుతాడు. మా ఇంటి మనిషి మాట ఇస్తే మేం నిలబెట్టాం, ఉన్నప్పుడూ లేనప్పుడూ. బుల్లెట్‌ని గేటు లోపలికి పోనిచ్చాను.

"అరే వాహ్," అని కిరణ్ వెనక గొణగడం వినబడింది. విననట్టే ఉన్నాను.

ఆ సాయంత్రం అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని, కొండలు నీలంనుంచి నలుపయ్యేదాకా చూసింది. ఎంత కనబడిందో నేను అడగలేదు. పడుకునేటప్పుడు కిరణ్ కుర్చీలు తీయబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. అవి అలాగే ఉన్నాయి. ఆ చలికాలానికి ఆవిడ చూపు పూర్తిగా పోయింది. ఇప్పటికీ ఆ కిటికీ గురించి చెబుతుంది, చూస్తున్నట్టే చెబుతుంది.

తరవాత నేను చెయ్యవలసిన విచారణంతా చేశాను. జగదల్‌పూర్‌లో ఉండే బంగళా మేనేజరుకు మేం వచ్చినట్టే తెలియదు. కిరణ్ స్నేహితులను వరసగా నిలదీశాను. వాళ్ళకు అప్పన్న పేరు తెలిసే అవకాశమే లేదు, నాకే తెలియదు కదా. తిరుగు ప్రయాణంలో ఢాబావాణ్ణి అడిగితే ఖాకీ కోటు, తువ్వాలు అనే అన్నాడు. పిల్లతో వచ్చిన మరో బృందాన్ని ఎవరూ చూడలేదు. ఇంతకు మించి నాకు ఏమీ దొరకలేదు, దొరుకుతుందనీ అనుకోను.

ఒక సంగతి మా చుట్టాలు వదిలేస్తారు, వాళ్ళ కథకు పనికిరాదు కనక. ఆ రాత్రి మా భోజనాలయ్యాక అత్తయ్య ఒక గ్లాసు టీ పెట్టించి వరండా మెట్టు మీద ఉంచమంది. ఉంచారు. పొద్దున్న నేనే ముందు లేచి చూశాను. టీ పోసింది పోసినట్టే ఉంది, మీద తొరక కట్టి, అంచున చీమలు. ఎవరూ ముట్టుకోలేదు.

సోమారు తీయడానికి వచ్చాడు. వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అతని వెనకే వంటగదిలోకి వెళ్ళి, నా చేత్తో పొయ్యి వెలిగించి, టీ వేడిగా కాచి, ఆ గ్లాసు కడిగి నింపి, మళ్ళీ మెట్టు మీద పెట్టాను.