నువ్వుగింజ నానని నోరు

బాలమురళి గారి నోట్లో నువ్వుగింజ నానదు. పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో ఎవరింట్లో కూర మాడినా వాసన కంటే ముందు ఆ కబురు చేరేది ఆయన ద్వారానే. భార్య శ్యామసుందరి గారి పుట్టినరోజుకి పిల్లలు గుట్టుగా పార్టీ ఏర్పాటు చేస్తే, “సాయంత్రం నీకు సర్‌ప్రైజ్, మంచి చీర కట్టుకో” అని పొద్దున్నే ఆవిడకి కాఫీతో పాటు అందించిన మహానుభావుడు.

అలాంటి మనిషి పేరును సృజన తన సెక్యూరిటీ క్లియరెన్సుకి రెఫరీగా, అంటే తన గురించి ఆఫీసర్లు వాకబు చేసే మనిషిగా, ఇవ్వాల్సి వచ్చింది. నేవీ ఓడల డిజైన్‌లో ఉద్యోగం వచ్చింది, క్లియరెన్స్ వస్తేనే అది చేతికందుతుంది. పెర్త్‌లో ఆమెను చదువుకునే రోజుల నుంచీ ఎరిగిన పెద్దమనిషి ఆయనొక్కడే.

సృజన పుట్టింది టొరంటోలో. నాన్న ఉద్యోగం పుణ్యమా అని పుట్టుకతోనే కెనడా పౌరురాలు, ఇప్పుడు ఆస్ట్రేలియా పౌరురాలు కూడా. “రెండు దేశాలంటే నీ ఫైలు గోవిందా. ఆ పాస్‌పోర్టు నువ్వెప్పుడూ తీసుకోలేదుగా, గమ్మునుండు” అని మెల్‌బోర్న్ నుంచి దీపక్ అన్నయ్య ఫోన్లో ఉపదేశించాడు. ఆమె కూడా భయపడి అప్లికేషన్‌లో రెండో పౌరసత్వం గడి ఖాళీగా ఉంచి, కెనడా ఊసెత్తొద్దని బాలమురళి గారిని బతిమాలింది. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని మాటిచ్చాడు.

మధ్యాహ్నానికల్లా ఇండియన్ షాపులో బియ్యం బస్తాలు సర్దే కుర్రాడికి ఆ సంగతి తెలిసిపోయింది. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, నా వల్ల కాదు. ఆఫీసర్ హలో అనగానే నేను కెనడా అంటాను. ఐ నో మైసెల్ఫ్. ఆ లోపు నువ్వే చెప్పెయ్. నువ్వు చెబితే నిజం, నేను చెబితే పితూరీ.”

సృజనకి ఒళ్లు మండిపోయింది. తిట్టుకుంటూనే, ఇంకా పంపని అప్లికేషన్‌లో కెనడా చేర్చింది. ఇంటర్వ్యూలో ఆ మాట రానే వచ్చింది. కానీ ఆఫీసర్ చల్లగా, రెండు పౌరసత్వాలు ఉన్నంత మాత్రాన ఎవరినీ తోసెయ్యబోమని, ఆ దేశంతో సంబంధాలేమిటో తూచి చూస్తామని, దాచిపెట్టి ఉంటే మాత్రం ఆ మనిషినే నమ్మలేకపోయేవాళ్లమని చెప్పింది.

కొన్ని నెలలకి క్లియరెన్స్ వచ్చింది. బాలమురళి గారు పెరట్లో బార్బెక్యూ పొయ్యి వెలిగించి, గోడ మీదుగా పక్కింటి ఆస్ట్రేలియన్ ముసలాయన్ని కూడా కేకేసి పిలిచి, ఆ పిల్ల తన చేతుల మీదుగా గెలిచిందని చాటింపు వేశాడు. సృజనకి కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు గర్వంగా ఉంది, కొంచెం గుబులుగానూ ఉంది. సందు చూసి ఆయన పక్కకి చేరింది.

“అంకుల్, ఆఫీసర్‌కి ఆ సిడ్నీ సంగతి కూడా చెప్పారా?”

సిడ్నీ సంబంధం తనకే నచ్చలేదని ఆమె అందరికీ చెప్పుకుంది. నిజానికి వద్దన్నది ఆ అబ్బాయి. సిడ్నీ నుంచి తిరిగొచ్చిన రోజు, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా ఈయన కార్లోనే ఏడ్చింది. ఆరేళ్లుగా, ఆ కథ హారిస్‌డేల్ అంతటికీ తెలిసే ఉంటుందని తలొంచుకుని తిరుగుతోంది.

“ఆవిడ నీ పెళ్లి గురించి అడిగింది. అది ఆ అమ్మాయి మాట, ఆ అమ్మాయినే అడగండి అన్నాను” అన్నాడాయన, మటన్ ముక్కలు తిరగేస్తూ.

“మరి ఇక్కడ ఎవరెవరికి తెలుసు?”

ఆయన జవాబు చెప్పేలోగా శ్యామసుందరి గారు పళ్లెం పట్టుకుని వచ్చారు. “ఏంటండీ, ఏం సంగతి?”

“ఏముందే, మాడిపోతున్నాయి, పళ్లెం ఇటివ్వు” అన్నాడు బాలమురళి గారు.