ఆమెన్ అనేదాకా

లాక్‌డౌన్‌తో ప్రార్థన మందిరానికి తాళం పడ్డాక ఆదివారం ఆరాధన ఇంట్లోనే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కోడలి నెత్తినే ప్రార్థన నడిపించే పనీ పడింది. ప్రార్థన చేసేవాళ్ళు ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదన్నది అత్తగారి శాసనం.

ఆ ఆదివారం కోడలు డ్యూటీ దిగి, ఒళ్ళు హూనమై వచ్చి మంచం పక్కన మోకరించింది. "ప్రభువా, రోగులందరినీ..." అంటూనే తల వాల్చి నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి గుమ్మంలోని ఎండ గది మధ్యకొచ్చేసింది. భర్త, కూతురు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. సిగ్గుతో చచ్చిపోయి, గబగబా ముగించబోయింది.

పక్కనే మోకాళ్ళ నొప్పుల అత్తగారు కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, కోడలి తలను మళ్ళీ పరుపుకి ఆనించింది.

"అప్పుడే ఏం తొందరే? ఇంకాసేపు చేసుకో. నీ గురక దేవుడికి వినబడుతూనే ఉందిలే."